లోబోక్‌లో కోడికూత పూజలు

ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ సెప్టెంబర్ ఒకటో తేదీనే మొదలైపోతుంది. ఆ పొద్దుటి నుంచే మాల్స్‌లో పండగ పాటలు, జీప్నీ బళ్ళ అద్దాలకి తళుకు కాగితాలు, టీవీ వార్తల్లో ఇంకా ఇన్ని రోజులే మిగిలాయన్న లెక్క. జోస్ మారీ చాన్ అనే పాటగాడి గొంతు ఊరూరా మోగడం, ఆయన మీద కుర్రాళ్ళ జోకులు ఫోన్లలో తిరగడం కూడా అప్పుడే మొదలు. నాలుగు నెలలు సాగే ఈ పండగలో ఎదురుచూడ్డానికంటూ ఏం మిగులుతుంది? దవావ్‌లో విమానం దిగిన దగ్గర్నుంచీ నాకిదే అనుమానం.

ఎందుకంటే నేనెరిగిన ఆగమన కాలం వేరు. మాది గుంటూరు నుంచి నరసరావుపేట పోయే దారిలో, ఫిరంగిపురం బాలయేసు గుడి గంటలు వినుకుంటూ పెరిగిన ప్రాంతం. నవంబర్ చివరనో డిసెంబర్ మొదట్లోనో ఒక ఆదివారం ఫాదర్ ఊదారంగు వస్త్రాలతో పీఠం దగ్గరికి వచ్చారంటే ఇక నాలుగు ఆదివారాలు ఆగాల్సిందే. పూజలో మహిమ గీతం ఉండదు. పీఠం మీద పూలు తగ్గుతాయి. సాయంత్రం జపమాల దగ్గర అమ్మ మమ్మల్ని మోకాళ్ళ మీద ఇంకాస్త ఎక్కువసేపు ఉంచేది. గోడలకి సున్నం, వాకిట్లో నక్షత్రం, దర్జీ దగ్గర కొత్త బట్టలు అన్నీ ఉండేవి గానీ, దేని వంతు దానిదే. క్రిస్మస్ పాట ముందే ఎత్తుకుంటే ఉపదేశిగారు కసిరేవారు.

దవావ్‌లో మా అన్న కూతురు మెడిసిన్ చదువుతోంది. అక్కడ తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఆంధ్రా మెస్సులున్నాయి, గోంగూర పచ్చడి దొరుకుతుంది. వార్డుల్లో రోగులు మాట్లాడేది బిసాయా కాబట్టి పిల్ల ఆ భాష నేర్చేసుకుంది. "బాబాయ్, ఆగమన కాలం లేదంటున్నావుగా, చూపిస్తా పద. నిద్ర మాత్రం అడక్కు" అని సెబూలో నన్ను ఓడెక్కించింది. రెండు గంటల్లో బోహోల్ దీవి, తగ్బిలారాన్ రేవు. అక్కణ్ణుంచి నది ఒడ్డున ఉన్న లోబోక్ అనే ఊరు. బోహోల్‌కి వచ్చేవాళ్ళు గుప్పెడంత టార్సియర్ జంతువుల్నీ చాక్లెట్ కొండల్నీ చూసి, లోబోక్ నది మీద పడవలో భోంచేసి వెళ్ళిపోతారు. అవి బాగానే ఉంటాయి. మేం వెళ్ళింది మాత్రం తెల్లవారుజామున నాలుగింటి పూజ కోసం.

డిసెంబర్ 16 నుంచి 24 దాకా వరసగా తొమ్మిది రోజులు, పొద్దు పొడవకముందే పూజ. మనీలా వైపు దీన్ని సింబాంగ్ గబీ అంటారు. విసాయాస్ దీవుల్లో మీసా దె గాలో, అంటే కోడికూత పూజ. మూలం మెక్సికోలో ఉందంటారు. 1587లో అక్కడి సన్యాసులు జనం గుడిలో పట్టక, బయట ఆవరణలో పూజ చేసుకోవడానికి పోపు ఐదవ సిక్స్‌టస్ అనుమతి తెచ్చుకున్నారు. మెక్సికోకీ మనీలాకీ మధ్య స్పెయిన్ ఓడలు తిరుగుతుండేవి, వాటి వెంట ఆచారమూ వచ్చింది. ఇక్కడికొచ్చాక అది తెల్లవారుజాముకి జరగడానికి కారణం రైతులు. ఎండెక్కకముందే పొలంలో దిగాలి, పగలంతా వంగి పనిచేసినవాడు సాయంత్రం గుడిలో కూర్చుంటే కునికిపాట్లే. అందుకని పూజ ముందు, పొలం తర్వాత.

మన రైతులకిది చెప్పక్కర్లేదు. అదే డిసెంబర్ 16 ప్రాంతంలో మన ఊళ్ళల్లో ధనుర్మాసం మొదలవుతుంది. గుళ్ళో మైకు, తిరుప్పావై, చలిలో తలకి మఫ్లరు చుట్టుకుని దొప్పలో వేడి పొంగలి కోసం నిలబడ్డ పిల్లలు. మా ఊళ్ళో ఆ మైకూ మా గుడి గంటా ఒకదాన్నొకటి తరుముకునేవి. రెండింటి లెక్కలూ వేరు. అక్కడ సూర్యుడు రాశి మారాడని, ఇక్కడ మరియతల్లి మోసిన నెలలకి నెలకొక రోజని. చేతిలో పని ఉన్నవాళ్ళు దేవుడి కోసం తీయగలిగిన పూట మాత్రం రెండు చోట్లా అదే.

మొదటి రోజు మూడున్నరకే గుడి నిండిపోయింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల్లో, ఆపైన వచ్చినవాళ్ళు మోటార్‌సైకిళ్ళ మీదే. బనీను మీద తువ్వాలు కప్పుకొచ్చిన ముసలాయన, హోటల్ యూనిఫారం వేసుకొచ్చి పూజవగానే డ్యూటీకి పోయే అమ్మాయి, చంకలో నిద్రపోతున్న బిడ్డతో తల్లి. వెనకాల స్తంభాల చాటున కుర్రాళ్ళు ఒకరి ఫోన్‌లోకి ఒకరు తొంగిచూస్తున్నారు. వాళ్ళు దేవుడి కోసమే వచ్చారని నేను ప్రమాణం చెయ్యను. గంట మోగి ఫాదర్ బయటికొచ్చారు. తెల్లటి వస్త్రాలు! గానబృందం మహిమ గీతం ఎత్తుకుంది. మా ఉపదేశిగారు ఉంటే ఆపించేసేవారు. పీఠం పక్కన ఆగమన కాలపు కొవ్వొత్తుల చక్రం మాత్రం ఉంది, మూడు ఊదావి, ఒకటి గులాబీది. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే ప్రొటెస్టంట్ బోధకుడు, క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ ప్రాణం తీస్తున్న అనాథ పిల్లల కోసం పాత బండిచక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడట. తర్వాత కతోలికులూ దాన్ని తెచ్చుకున్నారు. తెలుపూ ఊదా పక్కపక్కనే ఉండటం ఇక్కడ ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. ఈ తొమ్మిది పూజలకి తెలుపు వేసుకునే అనుమతి వాళ్ళకి ప్రత్యేకంగా ఉంది.

తెల్లవారాక గోడలు చూశాను. పగడపురాళ్ళు, మధ్యలో సున్నం. కొన్ని నల్లబడి నాచు పట్టిన చారలతో ఉన్నాయి, కొన్ని పాలిపోయి కొత్తగా ఉన్నాయి. 2013 అక్టోబర్ 15 పొద్దున ఎనిమిదీ పన్నెండుకి 7.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. బోహోల్‌లోనూ పక్కన సెబూలోనూ రెండు వందల మందికి పైగా పోయారు. ఆ రోజు బక్రీదు సెలవు కాబట్టి బళ్ళు ఖాళీగా ఉండి పిల్లలు బతికిపోయారు. లోబోక్ గుడి ముఖమూ గంటగోపురమూ కూలాయి. సముద్రం ఒడ్డున ఉన్న లూన్ ఊరి గుడి, దీవిలో పెద్దవాటిలో ఒకటి, మొత్తం రాళ్ళగుట్టయింది. జాతీయ మ్యూజియం వాళ్ళు పడిన రాళ్ళు ఏరి, పనికొచ్చేవాటిని వేరుచేసి మళ్ళీ పేర్చారు. లోబోక్, లూన్ గుళ్ళు రెండూ 2021లో గాని జనం చేతికి రాలేదు. అంతవరకూ డిసెంబర్ కోడికూత పూజలన్నీ రేకుల పందిట్లోనే.

లోబోక్‌లో ఇంకో వింత ఉంది. గుడి పక్కన నది మీద కాంక్రీటు వంతెన ఒకటి దర్జాగా లేచి, సగం దాకా వచ్చి, గాల్లో ఆగిపోయింది. అది పూర్తయితే గుడి ఆవరణ మీద నుంచి పోవాలి. జనం పడనివ్వలేదు, పని ఆగింది. దాన్ని కూల్చనూ లేదు, కట్టనూ లేదు. దశాబ్దాలుగా అలాగే ఉంది. ఆ దీవిలో ఓపికకి దొరికిన మొండి గుర్తుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఊరివాళ్ళకి మాత్రం అది కనపడను కూడా కనపడదు.

మేం దిగిన ఇల్లు ఒక పెద్దావిడది. వయసులో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళని అక్కడ నాంగ్ అంటారు, మా పిల్లా అలాగే పిలిచింది. కింద వంటిల్లు, పైన రెండు గదులు అద్దెకి. హాల్లో బాలయేసు బొమ్మ ఉన్న అర, దాని మీదగా గోడ పొడుగునా మట్టిరంగు గీత. నా తల కన్నా ఎత్తులో ఉంది. రంగు ఎందుకు వేయించలేదని అడిగాను. "వేయిస్తే నువ్వు అడగవుగా" అంది.

2021 డిసెంబర్ 16. కొత్తగా కట్టిన గుళ్ళో తొలి క్రిస్మస్. నాంగ్ తెల్లవారుజామున మొదటి పూజకి వెళ్ళొచ్చింది. ఆ సాయంత్రం ఒడెట్ తుపాను బోహోల్ మీదకొచ్చింది. రాత్రికి నది ఊళ్ళోకొచ్చింది. దేశం మొత్తం మీద నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. కరెంటు వారాల తరబడి రాలేదు. "రెండో రోజు పూజకి పోలేదు" అంది నాంగ్, బియ్యం ఏరుకుంటూ. "కప్పు మీదున్నా." ఆ ఏడాది ఆమె తొమ్మిది పూజలు ఒకటి దగ్గరే ఆగిపోయాయి. మర్నాడు కప్పు దిగాక ఏం చేశారని మా పిల్ల అడిగింది. బురద తోడామంది. పండగ రోజు ఏం చేశారంటే, అప్పుడూ బురదేనంది. మరుసటి ఏడాది మళ్ళీ ఒకటో రోజు నుంచి ఎత్తుకుంది. పాతది కలుపుకోవడానికి ఉండదట.

ఆ మాట విన్నాక తెల్లవస్త్రాల సంగతి నాకు వేరుగా కనిపించింది. పండగ వచ్చేదాకా ఆగలేని జనమనుకున్నాను. పదహారో తేదీ పొద్దున గుళ్ళో ఉండి రాత్రికి కప్పెక్కినవాళ్ళు మహిమ గీతాన్ని ఇరవై నాలుగు రాత్రి దాకా దాచిపెట్టుకోమంటే ఎందుకు దాచుకుంటారు? నాకింకా మా ఊదారంగే ఇష్టం, ఆ కరువులోనే నాకు పండగ ఆకలి పుడుతుంది. కానీ ప్రతి ఏడాదీ ఇరవైకి అటూ ఇటూగా తుపాన్లు తన పరిధిలోకి వచ్చే ఈ దేశంలో పుట్టి ఉంటే నేనూ మొదటి రోజే పాడేసేవాణ్ణి.

అలాగని ఎదురుచూపు లేకపోలేదు, సువిశేష పాఠాల్లో ఉంది. ఆ రోజుల పాఠాలు కథని సీరియల్‌లా నడిపిస్తాయి. 17న మత్తయి రాసిన వంశావళి. అబ్రహాము నుంచి యేసు దాకా నలభై రెండు తరాలు, ఎవరు ఎవరిని కన్నారన్న పేర్ల వరస. మన వైపు పిచ్చుకుంట్లవాళ్ళు వచ్చి వాకిట్లో గోత్రాలు, తాతముత్తాతల పేర్లు ఏకరువు పెట్టినట్టే ఉంటుంది, కాకపోతే వాళ్ళు డబ్బిచ్చినవాడి తాతలని గొప్పవాళ్ళని చేస్తారు, మత్తయి మాత్రం, మామగారిని మోసం చేసి కన్న తామారునీ, వెలయాలు రాహాబునీ కూడా దాచకుండా చదివేశాడు. నా పక్కన కూర్చున్న పిల్లాడు పదో పేరుకే తల వాల్చేశాడు. పెద్దవాళ్ళు మాత్రం కదలకుండా విన్నారు. ఆ పేర్లలో చాలామంది జీవితమంతా ఏం జరగకుండానే గడిచిపోయినవాళ్ళు. కన్నారు, పోయారు, అంతే.

మర్నాడు జోజప్పగారికి కల. ఆ మర్నాడు ముసలి జెకర్యా. పిల్లలు లేక, అడగడం కూడా మానేశాక దేవదూత వచ్చి కొడుకు పుడతాడంటే, నమ్మలేక ఎలా తెలుస్తుందని అడిగినందుకు నోరు పడిపోయినవాడు. 23న బిడ్డ పుట్టి, పలక మీద పేరు రాసేదాకా ఆయన మాట్లాడలేడు. మధ్యలో ఆదివారం వస్తే పాఠం మారుతుంది గానీ జనానికి కథ తెలుసు. జెకర్యా రోజున ఫాదర్ ప్రసంగం పొట్టిగా ముగించి, నోరు మూసుకుని ఉండటం భర్తలకి మంచిదేనని చమత్కరిస్తే ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మా పిల్ల తర్జుమా చేసేలోపే నాకర్థమైంది.

పూజ అయ్యేసరికి తూర్పు ఇంకా నలుపే. అప్పుడు అసలు సందడి. గుడి బయట బొగ్గుల పొయ్యిలు. బిబింకా అనేది బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసే రొట్టె. ఇక్కడ పిండి పులవడానికి కొబ్బరి కల్లు పోస్తారు. మట్టి మూకుట్లో అరిటాకు పరిచి పిండి పోసి, కింద నిప్పులు, పైన రేకు పెట్టి దాని మీదా నిప్పులు. ఆకు అంచులు కాలిన వాసన వీధి చివరిదాకా. పక్కన ఇంకొకామె సిక్వాతె చేస్తోంది. కోకో గింజలు వేయించి నూరి బిళ్ళలు చేసుకున్నవి మరిగే నీళ్ళలో వేసి, పొడవాటి చెక్క కవ్వాన్ని రెండు అరచేతుల మధ్య గిరగిరా తిప్పుతుంది. నురగ రాకపోతే గిరాకీ రాదు. దాంతోపాటు పూతో మాయా, అంటే అల్లం, కొబ్బరిపాలు, ఉప్పు వేసి ఆవిరికి ఉడికించిన జిగురు బియ్యం. ముద్దని వేళ్ళతో విరిచి వేడి సిక్వాతెలో ముంచుకు తినాలి. చేదు, ఆ వెనకే అల్లం ఘాటు, ఆఖర్న కొబ్బరి కమ్మదనం. చక్కెర ఎవరికి కావలసినంత వాళ్ళు వేసుకోవచ్చు. మా పిల్ల వేసుకున్నది చూస్తే డాక్టరు చదువు మీద అనుమానం వచ్చింది.

రాత్రిళ్ళు పిల్లలు ఇంటింటికీ పాటలకొస్తారు. సోడా సీసాల మూతలు సుత్తితో చదును చేసి, మధ్యలో బెజ్జం కొట్టి తీగకి గుచ్చి ఆడిస్తారు, అదే తాళం. రెండు పెసోలు వేస్తే ఒక పాట, ఐదు వేసినా అదే పాట. నాంగ్ ఒక డబ్బాలో చిల్లర విడిగా పెట్టుకుంది. నెల మొదట్లోనే మార్పించిందట.

ఒకరోజు లూన్ వెళ్ళాం. గుడి నుంచి సముద్రం వైపు దిగే దారిలో కూర్చుని కింద తీరం చూస్తే, ఆ భూకంపానికి పైకి లేచిన సముద్రపు నేల ఇప్పటికీ ఎండలో తెల్లగా కనిపిస్తుంది. ఒకప్పుడు చేపలు తిరిగిన చోట మొక్కలు మొలిచాయి. దీవి చరిత్ర చూస్తే, బోహోల్‌కి యేసు సభ గురువులు వచ్చింది 1596లో. 1768లో స్పెయిన్ రాజు వాళ్ళని వెళ్ళగొడితే రికొలెక్ట్ సన్యాసులు ఆ విచారణలు అందుకున్నారు. ఇది చదువుతుంటే నాకు మా వైపు సంగతి గుర్తొచ్చింది. అదే యేసు సభవాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుంగనూరు, కృష్ణాపురం మీదుగా తెలుగుదేశంలో పనిచేశారు. 1773లో పోపు ఆ సభనే రద్దు చేశాక మన తెలుగు కతోలికులకి గురువు కనపడటమే అపురూపమైంది. నెల్లూరు వైపు మిల్ హిల్ గురువులు వచ్చింది 1875లో. మధ్యలో అన్నేళ్ళు పరలోక జపం, మంగళవార్త జపం పిల్లలకి నేర్పి నిలబెట్టింది ఉపదేశులూ ఇంట్లో ఆడవాళ్ళూ. వాళ్ళ పేర్లు ఏ వంశావళిలోనూ లేవు. మా ఉపదేశిగారి కసురుకి కాస్త చరిత్ర ఉందన్నమాట.

తొమ్మిది పూజలూ తప్పకుండా వింటే కోరుకున్నది జరుగుతుందని ఇక్కడ గట్టి నమ్మకం. ఇది బేరం కాదని ఫాదర్లు ఏటా చెప్తారు, జనం ఏటా తలూపి కోరుకుంటారు. నాంగ్ కోరిక ఆమె కొడుకు. సరుకు ఓడ ఇంజన్ గదిలో ఆయిలర్. తొమ్మిది నెలల కాంట్రాక్టు, ఏ రేవులో సిగ్నల్ దొరికితే ఆ రేవు నుంచి ఫోన్. ప్రపంచంలో ఏ ఓడ ఎక్కినా ఫిలిప్పీన్స్ మనిషి ఒకడు కనిపిస్తాడు. ఎడారి దేశాల్లో అయితే మన కడప, కోనసీమ ఆడవాళ్ళూ వీళ్ళ ఆడవాళ్ళూ ఒకే ఇళ్ళల్లో వంటా పిల్లల పనీ చేస్తుంటారు. దుబాయి సెయింట్ మేరీస్ గుళ్ళో ఈ తొమ్మిది పూజలకి వేలమంది వస్తారు, సెలవు దొరకదు గనక సాయంత్రాలు. కువైట్‌లో పనిచేసిన మా చిన్నత్త, ఫిలిప్పీన్స్ ఆవిడ ఒకామె తనకి డిసెంబర్‌లో అరిటాకు లేకుండా పేపర్ మీద బిబింకా చేసిపెట్టేదని చెప్పేది. రుచి బాగుండేది కాదట, అయినా ఏటా తినేదట.

మా పిల్ల కోరిక నేను అడగలేదు, తెలిసిందే. ఇక్కడ చదువయ్యాక మన దేశంలో ఎఫ్‌ఎంజీఈ రాయాలి. విదేశాల్లో చదివొచ్చినవాళ్ళకి ఆ పరీక్ష గట్టెక్కితేనే స్టెతస్కోప్. గట్టెక్కని వాళ్ళే ఎక్కువ. ఆర్నెల్లకోసారి రాస్తూ ఏళ్ళు గడిపినవాళ్ళని ఎరుగుదును. పిల్ల పూజలో కళ్ళు మూసుకున్నప్పుడు పెదాలు కదులుతుంటే, అది జపమో ఫార్మకాలజీనో తెలిసేది కాదు.

ఆఖరి పూజల దాకా ఉండే వీల్లేకపోయింది, పిల్లకి ఆసుపత్రి డ్యూటీ. బయల్దేరే పొద్దున వాకిట్లో ట్రైసికిల్ హారన్ కొడుతుంటే అది నాంగ్‌ని అడిగింది: దవావ్‌లో సాయంత్రం పూట కూడా పూజలుంటాయి, మిగిలినవి అక్కడ వింటే లెక్కలోకి వస్తాయా అని.

"ఫాదర్‌ని అడిగావా?"

"లేదు."

"అడక్కు మరి" అంది నాంగ్, అరిటాకులో బిబింకాలు మడుస్తూ. తర్వాత పిల్ల ఫోన్ నంబరు ఒక క్యాలెండర్ కాగితం వెనక రాయించుకుంది. కొడుక్కి మోకాలు నొప్పట, వాడు ఫోన్ చేసినప్పుడు చూసి మందు చెప్పాలట.

"నేనింకా డాక్టర్‌ని కాలేదు నాంగ్. మా దేశంలో పరీక్ష పాసవ్వాలి."

"వాడూ మార్చిలోగా రాడులే" అంది నాంగ్. "ఈలోగా అయిపో."